పాత మజిల్ కారు చవగ్గా వస్తోంది, కొనొచ్చా?

ఇంట్లో క్యామ్రీ ఉంది, ఓడిసీ ఉంది, గరాజ్‌లో ఇంకో కారుకు చోటు కూడా ఉంది. ఇంతలో నాలుగు వేల డాలర్లకు 1980ల నాటి మస్టాంగో, కమారోనో అమ్మకానికి కనబడుతుంది. అమెరికాలో మన కుర్రాళ్లకే కాదు, నలభై దాటిన నాన్నలకూ మనసు లాగేస్తుంది. "కార్బురేటర్ బండి, మెయింటెనెన్స్ తలనొప్పి" అని స్నేహితులు భయపెడతారు. నిజానికి ఆ కారులో అన్నిటికన్నా తేలిగ్గా బాగుపడేది కార్బురేటరే. కొంప ముంచేవి వేరే ఉన్నాయి: టైటిల్ కాగితం, కారు తయారైన సంవత్సరం, మీరున్న రాష్ట్రం. అందుకే ఇక్కడ రెంచి పనికన్నా చట్టానికే ఎక్కువ చోటిచ్చాం. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రూలు కాబట్టి మనవాళ్లు బాగా స్థిరపడ్డ టెక్సస్, కాలిఫోర్నియాల మీదే ఎక్కువగా మాట్లాడుకుందాం.

చవగ్గా దొరికే కార్బురేటర్ మజిల్ కార్లు అసలు ఏవి?

1964 పాంటియాక్ జీటీఓతో ఊపందుకుని 1970ల మొదట్లో చల్లారిన అసలు మజిల్ కార్ల కాలం వేరు. ఆ కాలపు మంచి కారు నాలుగైదు వేలకు రాదు. వచ్చిందంటే కింద తుప్పో, కాగితాల్లో తిరకాసో ఉందన్నమాట. చవగ్గా వచ్చేవి ఎక్కువగా తర్వాతి తరానివి: 1979-85 ఫాక్స్‌బాడీ మస్టాంగ్, 1982-87 కమారో, 1983-88 మోంటె కార్లో ఎస్ఎస్. మాన్యువల్ గేర్ల మస్టాంగ్ జీటీకి 1985 దాకా నాలుగు బ్యారెళ్ల హోలీ కార్బురేటర్ ఉండేది, 1986లో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. ఆ 1985 మస్టాంగ్ శక్తి 210 హార్స్‌పవర్. 2018 నాటి నాలుగు సిలిండర్ల క్యామ్రీది 203. కాబట్టి వేగం కోసమైతే డబ్బు దండగ. ఆ వీ8 మోత కోసం, ఇంట్లోనే విప్పి బిగించుకోగల ఇంజిన్ కోసం అయితే ముందుకు చదవండి.

"టైటిల్ ఎక్కడో పోయింది, బిల్ ఆఫ్ సేల్ రాసిస్తాను" అంటున్నాడు అమ్మేవాడు. సరిపోతుందా?

సరిపోదు. పాత కార్ల బేరాల్లో మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్పాలి.

బిల్ ఆఫ్ సేల్ అంటే డబ్బు చేతులు మారిందనడానికి రుజువు. కారు ఎవరిదో తేల్చేది టైటిల్. కారు నిజంగా అతనిదే అయితే డూప్లికేట్ టైటిల్ తెచ్చుకోవడం అతనికి పెద్ద పని కాదు. డీఎంవీలో ఫారం నింపి కొద్దిపాటి ఫీజు కడితే వస్తుంది. అంత చిన్న పనికి బద్ధకించి కారును సగం ధరకు అమ్ముకుంటున్నాడంటే ఆ బద్ధకం వెనక కారణం ఉంటుంది. బ్యాంకు లీన్, అంటే కారు మీది అప్పు, తీరి ఉండకపోవచ్చు, కారు చనిపోయిన బంధువు పేరున ఉండొచ్చు, దొంగ బండే కావచ్చు. "ముందు డూప్లికేట్ తెప్పించండి, తెచ్చిన రోజే పూర్తి డబ్బు ఇస్తాను" అనండి. నిజాయితీపరుడు ఒప్పుకుంటాడు.

టైటిల్ చేతికి వచ్చాక కూడా నాలుగు విషయాలు చూడాలి. దాని మీది పేరూ, అమ్మేవాడి డ్రైవింగ్ లైసెన్సు మీది పేరూ ఒకటేనా? "మా ఫ్రెండ్‌ది, వాడి తరఫున అమ్ముతున్నా" అంటూ, వెనక వైపు పాత యజమాని సంతకం పెట్టి కొనేవాడి పేరు ఖాళీగా వదిలిన టైటిల్ ఇస్తే తీసుకోకండి. దాన్ని టైటిల్ జంపింగ్ అంటారు, చట్టవిరుద్ధం. మధ్యవాడు తన పేరు మీదికి మార్చుకోకుండా, పన్ను కట్టకుండా జారుకుంటాడు. రేపు తేడా వస్తే పట్టుకోవడానికి కాగితం మీద అతని పేరే ఉండదు. రెండోది, ఇద్దరి పేర్లుంటే మధ్యలో ఏముందో చూడండి. కాలిఫోర్నియాలో ఆ ఇద్దరి మధ్య "అండ్" అని ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి, "ఆర్" ఉంటే ఒకరు చాలు. విడాకుల గొడవలో ఉన్న దంపతుల కారు విషయంలో ఈ చిన్న మాటే అడ్డం తిరుగుతుంది. మూడోది, లీన్ హోల్డర్ గడిలో బ్యాంకు పేరుంటే బాకీ తీరినట్టు విడుదల పత్రం అడగండి. నాలుగోది, బాగా దెబ్బతిన్న బండి అని చెప్పే శాల్వేజ్, దాన్ని మళ్లీ కట్టారని చెప్పే రీబిల్ట్ అన్న ముద్రలు. అవి ఉన్న కారు కొనకూడదని చట్టమేమీ లేదు కానీ, బీమా కంపెనీలు మొహం చాటేస్తాయి. మీరు అమ్మబోయినప్పుడు అదే ముద్ర మీకూ అడ్డొస్తుంది.

టైటిల్ ఎలాగూ రాదని తేలిపోయి, ఆ కారంటే మీకు ప్రాణమైతే టెక్సస్‌లో బాండెడ్ టైటిల్ అనే దారి ఉంది. కారు విలువకు ఒకటిన్నర రెట్లు ష్యూరిటీ బాండ్ కొనాలి. అసలు యజమాని ఎవరైనా మూడేళ్లలోపు వస్తే ఆ బాండ్ నుంచి పరిహారం పొందవచ్చు. ఒకప్పుడు పదిహేనేళ్లు దాటిన బండిని ఎక్కడివాళ్లయినా టైటిల్ లేకుండానే వెర్మాంట్‌లో రిజిస్టర్ చేయించుకునేవారు. 2023లో ఆ రాష్ట్రం ఆ సందు మూసేసింది. యూట్యూబ్‌లో పాత వీడియోలు ఇంకా ఆ సలహా ఇస్తూనే ఉన్నాయి, నమ్మకండి.

విన్ నంబరు కొడితే చరిత్ర మొత్తం వచ్చేస్తుంది కదా?

1981 నుంచి వచ్చిన కార్లకు వస్తుంది. పదిహేడు అక్షరాల విన్ ఆ ఏడాదితోనే మొదలైంది. అంతకు ముందు ఏ కంపెనీ లెక్క దానిది, కార్‌ఫ్యాక్స్ లాంటి రిపోర్టులు ఆ పాత నంబర్లను చదవలేవు. 1981 తర్వాతి కారుకైతే దొంగ బండా, శాల్వేజ్ అయిందా అన్నది బీమా రంగ సంస్థ ఎన్ఐసీబీ వెబ్‌సైట్‌లోని విన్‌చెక్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. డబ్బులు పెట్టి తీసుకునే రిపోర్టు ఫెడరల్ టైటిల్ సమాచార వ్యవస్థ ఎన్ఎంవీటీఐఎస్ ఆమోదించిన సంస్థ నుంచి తీసుకోండి. డాష్‌బోర్డు మీద అద్దంలోంచి కనిపించే నంబరూ, టైటిల్ మీది నంబరూ అక్షరం అక్షరం పోల్చండి. ఫోర్డ్, జీఎం కార్ల విన్‌లో ఎనిమిదో అక్షరం ఇంజిన్‌ను చెబుతుంది. అమ్మేవాడు "ఒరిజినల్ వీ8" అని, ఆ అక్షరం ఆరు సిలిండర్లని చెబితే ఇంజిన్ మార్చారన్నమాట. టెక్సస్‌లో ఇది ధరకు సంబంధించిన సంగతి. కాలిఫోర్నియాలో స్మాగ్‌కు, అంటే పొగ పరీక్షకు, సంబంధించినది కూడా.

స్మాగ్ గొడవ ఏమిటి? పాత కార్లకు మినహాయింపు ఉందంటారే?

కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడల్ పెట్రోలు కార్లకు స్మాగ్ చెక్ లేదు. 1976 నుంచి వచ్చిన పాత పెట్రోలు కార్లకు, యాభై ఏళ్లు నిండినా సరే, చాలా ప్రాంతాల్లో రెండేళ్లకోసారి ఉంది. ఏటా మినహాయింపు గీత ముందుకు జరుగుతుందని చాలామంది అనుకుంటారు. జరగదు, 1976 దగ్గరే ఆగిపోయి ఉంది. చవక కార్బురేటర్ కారు చవగ్గా ఎందుకుందో తెలుసుకోవాలంటే ముందు ఈ గీతకు ఏ పక్కనుందో చూడాలి.

ఈ తరం కార్లకు పొగ గొట్టం దగ్గర కొలతతో పాటు కంటితో చేసే తనిఖీ కూడా ఉంటుంది. బానెట్ ఎత్తి, ఫ్యాక్టరీ అమర్చిన ప్రతి పొగ నియంత్రణ పరికరం, ప్రతి వాక్యూమ్ గొట్టం దాని చోట ఉందా అని చూస్తారు. 1980ల కమారో, మోంటె కార్లోల్లో ఉండేది మామూలు కార్బురేటర్ కాదు, కంప్యూటర్ ఆడించే క్వాడ్రాజెట్. నలభై ఏళ్లలో ఎవరో ఒకరు విసుగొచ్చి దాన్ని పీకేసి, కంప్యూటరు వైరు కత్తిరించి, మామూలు హోలీనో ఎడెల్‌బ్రాకో బిగించి ఉంటారు. బండి బ్రహ్మాండంగా నడుస్తుంది, పొగ కూడా శుభ్రంగానే ఉండొచ్చు. అయినా సాధారణంగా కంటి తనిఖీలో పోతుంది. బయటి కంపెనీ భాగానికి కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉండి, అది ఆ మోడల్‌కు వర్తిస్తేనే పాస్. అది లేకపోతే పాత క్వాడ్రాజెట్, సెన్సర్లు, గొట్టాలు అన్నీ వెతికి తెచ్చి మళ్లీ బిగించాలి. ఆ వేటకు అయ్యే ఖర్చు కారు ధరను దాటడం అరుదేమీ కాదు.

ఇక్కడ కొనేవాడికి ఒక గట్టి హక్కు ఉంది. కాలిఫోర్నియాలో స్మాగ్ అవసరమైన కారు అమ్మితే సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అమ్మేవాడు. అది తొంభై రోజులు చెల్లుతుంది. "స్మాగ్ కొనేవాడిదే బాధ్యత" అని ప్రకటనలో రాసినంత మాత్రాన చట్టం మారదు. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువుల్లాంటి దగ్గరి బంధువుల మధ్య బదిలీకి మాత్రం ఈ నిబంధన వర్తించదు. "స్మాగ్ చేయించి తెండి, అడిగిన ధర ఇస్తాను" అన్నప్పుడు అవతలి గొంతు ఎలా మారుతుందో వినండి. కారు గురించి ఏ మెకానిక్కూ చెప్పలేనంత తెలిసిపోతుంది.

టెక్సస్‌లో కథ వేరు. డాలస్, కాలిన్, డెంటన్, టారంట్, హ్యారిస్, ట్రావిస్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష ఉన్నా అది రెండు నుంచి ఇరవై నాలుగేళ్ల వయసున్న పెట్రోలు కార్లకే. కార్బురేటర్ కార్లన్నీ ఆ వయసు ఎప్పుడో దాటాయి. సొంత వాడకం కార్లకు ఏటా ఉండే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా 2025 జనవరి 1 నుంచి తీసేశారు. అంటే బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో ప్రభుత్వం తరఫున చూసేవాడు ఎవడూ లేడు. చూసుకోవాల్సింది మీరే.

టెక్సస్‌లో పరీక్షే లేదు కదా, క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే ఏమవుతుంది?

పరీక్ష లేకపోవడం అనుమతి కాదు. పొగ నియంత్రణ పరికరాలు తీసేయడం, పనిచేయకుండా చేయడం ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద నిషిద్ధం, వర్క్‌షాపుకైనా సొంతదారుకైనా. పరువున్న వర్క్‌షాపు ఏదీ ఆ పని ఒప్పుకోదు.

"యాజ్ ఈజ్" అని రాసి సంతకం పెట్టించుకున్నాడు. మూడో రోజే గేర్‌బాక్స్ పోయింది. డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రైవేటు వ్యక్తి దగ్గర కొంటే సాధారణంగా రాదు. ఉన్నది ఉన్నట్టు తీసుకున్నారు, అంతే. మూడు రోజుల్లో ఏదైనా తిప్పి ఇచ్చేయొచ్చన్న నమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది. ఫెడరల్ కూలింగ్ ఆఫ్ నిబంధన ఇంటి గుమ్మం దగ్గర చేసే అమ్మకాల లాంటివాటికే తప్ప డీలర్ దగ్గరకు వెళ్లి కొన్న కారుకు వర్తించదు. కాలిఫోర్నియాలో డీలర్ అమ్మే సెకండ్ హ్యాండ్ కార్లకు రద్దు గురించి ప్రత్యేక నియమాలున్నాయి, అవి ప్రైవేటు అమ్మకానికి లేవు. మసాచుసెట్స్‌లో మాత్రం డీలర్లు యాజ్ ఈజ్ అని చెప్పి తప్పించుకోవడం కుదరదు.

అయితే యాజ్ ఈజ్ అన్న మాట అబద్ధానికి రక్షణ కాదు. "ఇంజిన్ కొత్తగా కట్టించాం", "ఒరిజినల్ ఎస్ఎస్" అని రాతపూర్వకంగా చెప్పి, అది తెలిసి చెప్పిన అబద్ధమైతే మోసం కింద వెళ్లొచ్చు. అందుకే ప్రకటనను, మెసేజ్‌లను డబ్బు ఇవ్వకముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అమ్ముడుపోగానే ప్రకటన మాయమవుతుంది. వకీలు లేకుండా మీరే వాదించుకునే కోర్టులున్నాయి: కాలిఫోర్నియా స్మాల్ క్లెయిమ్స్‌లో వ్యక్తులకు 12,500 డాలర్ల దాకా, టెక్సస్ జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల దాకా. చవక కారు గొడవకు ఇవి చాలు.

డీలర్ దగ్గరైతే కిటికీకి బయ్యర్స్ గైడ్ అనే కాగితం అంటించి ఉండాలి. వారంటీ ఉందా, యాజ్ ఈజ్‌గా ఇస్తున్నారా అన్నది అందులో టిక్ పెట్టి ఉంటుంది. నోటి మాటగా "ముప్పై రోజులు చూసుకుంటాం లెండి" అంటే ఆ కాగితం మీద రాయించుకోండి. బేరం స్పానిష్‌లో జరిగితే ఆ కాగితం స్పానిష్‌లోనే ఇవ్వాలన్న నిబంధన ఉంది. తెలుగుకు ఆ భాగ్యం ఇంకా పట్టలేదు.

ఓడోమీటర్ 48,000 మైళ్లు చూపిస్తోంది. నమ్మొచ్చా?

ఆ కాలపు చాలా కార్లలో అంకెలు ఐదే. 99,999 దాటగానే మళ్లీ సున్నా. పైగా 2010, అంతకు ముందు మోడళ్లకు అమ్మేవాడు మైళ్లు ధ్రువీకరించాల్సిన ఫెడరల్ బాధ్యత ఇప్పుడు లేదు. మీటరు తిప్పడం నేరమే అయినా నిరూపించడం మీ పని. మైళ్లు చూడకండి, బ్రేక్ పెడల్ రబ్బరు అరుగుదల చూడండి.

బండి దగ్గర నిలబడి కార్బురేటర్ సంగతి ఎలా తేల్చుకోవాలి?

చేతక్ స్కూటర్‌ను పక్కకు వంచి స్టార్ట్ చేసిన తరానికి ఇది పెద్ద విద్య కాదు. నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే ఏదో దాస్తున్నాడు. ఎయిర్ క్లీనర్ మూత తీసి, ఇంజిన్ ఆపి ఉండగానే థ్రాటిల్‌ను చేత్తో కదపండి. కార్బురేటర్ గొంతులోకి పెట్రోలు రెండు సన్నని ధారలుగా చిమ్మాలి. చిమ్మకపోతే యాక్సిలరేటర్ పంపు ఎండిపోయింది, రబ్బరు ముక్కల కిట్‌తో పోయేదే. తర్వాత పెడల్ ఒకసారి పూర్తిగా తొక్కి వదిలితే చల్లటి ఇంజిన్‌కు చోక్ మూసుకోవాలి. స్టార్ట్ అయ్యాక నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువైంది, సర్దుబాటు చేయొచ్చు. నీలి పొగ ఆగకుండా వస్తే ఇంజిన్ నూనె తాగుతోంది. అప్పుడు కార్బురేటర్ ఊసు వదిలేసి ఇంటికి రండి.

ఇంజిన్‌కన్నా ముందు కింద పడుకుని తుప్పు చూడాలి. ఫాక్స్‌బాడీ మస్టాంగ్‌లో టార్క్ బాక్సులు, ఫ్లోర్ ప్యాన్లు చిట్లుతాయి, కుళ్లుతాయి. మీ ఖర్చుతో మెకానిక్‌కు చూపిస్తానంటే అమ్మేవాడు ఒప్పుకోవాలని చట్టం లేదు. ఒప్పుకోకపోతే మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

బంకులో ఈ-15 చవగ్గా ఉంది, పోయొచ్చా?

పోయకూడదు. 15 శాతం ఇథనాల్ ఉన్న ఈ-15ను 2001కి ముందరి కార్లలో వాడటం ఈపీఏ నిషేధించింది, పంపు మీది లేబుల్ మీద ఆ మాట ఉంటుంది. మామూలు ఈ-10 పోసినా పాత రబ్బరు గొట్టాలు మెత్తబడతాయి. కొన్న వారంలోనే పెట్రోలు గొట్టాలన్నీ మార్పించండి, మంటల భయం నిజమైనది.

వెనక సీట్లో పిల్లల్ని ఎక్కించుకోవచ్చా?

ఇంటి ఇల్లాలు అడిగే మొదటి ప్రశ్న ఇదే, నిజానికి చివరి ప్రశ్న కూడా. ఈ కార్ల వెనక సీట్లో సాధారణంగా నడుము బెల్టే ఉంటుంది. కార్ల వెనక సీటుకు భుజం బెల్టు తప్పనిసరి అయ్యింది 1989 డిసెంబరులో. బూస్టర్ సీటుకు నడుము, భుజం బెల్టులు రెండూ ఉండాలి. టెక్సస్, కాలిఫోర్నియా రెండింటిలోనూ ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు లేకపోతే, తగిన సీటు తప్పనిసరి. కాబట్టి బూస్టర్ వయసు పిల్లలున్న ఇంటికి ఇది కుటుంబం కారు కాదు. ఎయిర్‌బ్యాగుల సంగతి అడగనే అక్కర్లేదు, లేవు.

యాంటిక్ ప్లేటు, క్లాసిక్ కార్ బీమా తీసుకుంటే ఖర్చు తగ్గుతుందట?

తగ్గుతుంది, కానీ చేతులు కట్టేస్తుంది. టెక్సస్‌లో ఇరవై ఐదేళ్లు దాటిన కారుకు యాంటిక్ ప్లేటు ఇస్తారు. దాంతో ప్రదర్శనలకు, క్లబ్ కార్యక్రమాలకు, పెరేడ్లకు వెళ్లొచ్చు, రోజూ ఆఫీసుకు వెళ్లకూడదు. కలెక్టర్ బీమా కంపెనీలు కూడా మామూలుగా రోజువారీ వాడకానికి వేరే కారు ఉండాలని, ఇది గరాజ్‌లో ఉండాలని అడుగుతాయి. దానికి బదులు ముందే ఒప్పుకున్న విలువకు బీమా ఇస్తాయి. మామూలు పాలసీలో అయితే ప్రమాదం జరిగిన రోజు మీ ముద్దుల కారుకు పాత ఇనుము లెక్క కట్టొచ్చు.

డ్రైవ్‌వేలో ఆరు నెలలు పెట్టి మెల్లగా బాగుచేసుకుందామని ఉంది.

హెచ్ఓఏ ఉత్తరం ముందొస్తుందా, సిటీ నోటీసు ముందొస్తుందా అన్నదే తేలాలి. టెక్సస్ చట్టంలో రిజిస్ట్రేషన్ లేని బండి సొంత స్థలంలో ముప్పై రోజులు వరసగా కదలకుండా పడి ఉంటే జంక్ వెహికిల్ కింద లెక్క వేయొచ్చు. కంచె చాటునో, బయటికి కనబడకుండానో పద్ధతిగా పెట్టిన పురాతన కార్లకు వెసులుబాటు ఉంది. అపార్టుమెంటులో ఉంటే లీజు తీసి చదవండి. పార్కింగ్‌లో రిపేరు పనులు వద్దని ఒక పేరా సాధారణంగా ఉంటుంది.

హెచ్1బీ మీద ఉన్నాను. ఇలాంటివి కొని, బాగుచేసి, లాభానికి అమ్మితే?

కొనడానికి, మీ పేరున టైటిల్ పెట్టుకోవడానికి వీసా అడ్డు కాదు. ఎఫ్1 విద్యార్థులకూ అంతే. మోజుపడి కొన్న కారును కొన్నాళ్లకు అమ్ముకోవడంలోనూ తప్పులేదు. లాభం కోసం వరసగా కొని అమ్మడం మొదలుపెడితే అది వ్యాపారం. మీ హెచ్1బీ ఇచ్చిన ఉద్యోగం అది కాదు. నెలకో కారు తిప్పి సంపాదించుకోండన్న సలహా గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాళ్లకు ఇచ్చేవాళ్లను ఏమనాలో తెలియదు. వీసా సంగతి పక్కన పెట్టినా, టెక్సస్‌లో ఏడాదికి ఐదు లేదా అంతకన్నా ఎక్కువ కార్లు అమ్మాలంటే డీలర్ లైసెన్సు కావాలి.

కొన్నాక గడువులేమిటి?

కాలిఫోర్నియాలో పది రోజుల్లో, టెక్సస్‌లో ముప్పై రోజుల్లో టైటిల్ మీ పేరుకు మార్చుకోవాలి. కాలిఫోర్నియాలో ప్లేట్లు కారుతోనే ఉంటాయి, టెక్సస్‌లో ప్రైవేటు అమ్మకమైతే అమ్మేవాడు తీసేసుకోవచ్చు. పన్ను తగ్గుతుందని బిల్ ఆఫ్ సేల్ మీద 500 డాలర్లని రాయించుకోవద్దు. అది పన్ను ఎగవేత, పైగా రేపు కోర్టుకెళ్తే మీరు పోగొట్టుకున్నది 500 డాలర్లే అవుతుంది.

తిరిగి వెళ్లేటప్పుడు హైదరాబాద్‌కు తీసుకెళ్లొచ్చా?

1980ల కారైతే ఆశ పెట్టుకోకండి. వాడిన కార్ల దిగుమతికి భారత్ పెట్టిన గీత మూడేళ్ల వయసు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. మన దేశంలో 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనం అనిపించుకోవాలంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటాలి. మీ 1985 మస్టాంగ్ ఒకదానికి మరీ ముసలిది, ఇంకోదానికి మరీ పడుచుది.

1984 మోంటె కార్లో ఎస్ఎస్, 4,500 డాలర్లు. టైటిల్ శుభ్రం, అమ్మేవాడి పేరునే ఉంది. కింద తుప్పు లేదు. క్వాడ్రాజెట్ తీసేసి హోలీ బిగించారు, చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తోంది. కొనమంటారా?

ఇల్లెక్కడో చెప్పలేదు మీరు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండి, ఇంట్లో రోజూ నడిపే కారు ఇంకోటి ఉంటే, క్యాటలిటిక్ కన్వర్టర్ దాని చోట ఉందో లేదో కింద చూసి, ధరలో ఐదొందలు తగ్గించమని అడిగి కొనండి. మొరాయింపు చోక్ సర్దుబాటుతో పోవచ్చు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటే మాత్రం, స్మాగ్ సర్టిఫికెట్ అతను చేయించి మీ చేతిలో పెట్టేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వకండి.